భేదమును చదువు చిప్పు

చిన్నవ్రేలి గోటికంటె కొంచెము పెద్దదై, ఎనిమిది కాళ్లతో, నల్లని దేహముతో, ఏ ఆడంబరమును లేక సర్క్యూటు బోర్డుపై ఒక మూల నొదిగియుండు ట్రాన్సీవరు చిప్పును, అనగా సంకేతములను పంపుటకును అందుకొనుటకును పనికివచ్చు చిప్పును జూచినవారు, విద్యుత్తు మీటర్లు, మోటారు డ్రైవులు, ఉష్ణోగ్రతామాపకములు, సౌరవిద్యుత్ ఇన్వర్టర్లు మున్నగు యంత్రములు వందలకొలది మీటర్ల దూరమునుండి ఒకదానితో నొకటి మాటలాడుట కిదియే ఆధారమని ఊహింపజాలరు. ఆ సంభాషణకు ఆలంబనమైన ప్రమాణమునకు ఆర్.ఎస్.-485 అని పేరు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము దానిని 1983లో ప్రకటించెను. 1998లో దాని సవరించిన రూప మొకటి వెలువడెను. అప్పటినుండి కంప్యూటర్లు ఎన్ని తరములు మారినను కర్మాగారములలో దాని స్థానము చెక్కు చెదరలేదు. ఇంత కాలము నిలిచిన ఈ ప్రమాణము చెప్పినది మిక్కిలి స్వల్పము. తీగలపై ఎంత వోల్టేజి నుంచవలెను, ఎంతను గుర్తింపవలెను, ఎంతను సహింపవలెను అనునంతవరకే అది నిర్ణయించినది గాని, యంత్రములు ఏ భాషలో పలుకవలెనో చెప్పలేదు. ఏ ప్లగ్గు వాడవలెనో చెప్పలేదు. ముందు పలుకవలసిన దెవరో, వినవలసిన దెవరో అదియు చెప్పలేదు. ఇట్లు చెప్పక విడుచుటచేతనే అది దీర్ఘాయువైనదనియు, చెప్పక విడుచుటచేతనే కేబులు లాగువారికి ఇన్ని చిక్కులు తెచ్చిపెట్టినదనియు నా అభిప్రాయము.

దీని ఘనత తెలియవలెనన్న దీనికి ముందున్న ఆర్.ఎస్.-232ను తలచుకొనవలెను. 1960లో పుట్టి, 1969 నాటి సంస్కరణతో స్థిరపడిన ఆ పద్ధతి, టెలిప్రింటరు వంటి పరికరమును ప్రక్కనే యున్న మోడెముతో కలుపుటకు ఏర్పడినది. అందు ఒక్కొక్క సంకేతమునకు ఒక్కొక్క తీగ. అన్నింటికిని తిరుగుదారిగా ఉమ్మడి నేలతీగ ఒకటి. ఆ నేలతీగతో పోల్చి 5 నుండి 15 వోల్టుల ధనపీడనమున్నచో సున్న, అంతే ఋణపీడనమున్నచో ఒకటి యని లెక్క. గ్రహించువైపు 3 వోల్టులు దాటినచో చాలును. ఒక గదిలో ఇది చక్కగా సాగును. 50 అడుగులను హద్దుగా పెట్టినవారు కూడ దానిని గదికొఱకే పెట్టిరి. అయితే రైస్ మిల్లులో ఒక చివర బాయిలరును, మఱియొక చివర మోటార్లను ఉంచి, ఈ రెంటి నడుమ ఇదే తీగను లాగినచో కథ మారిపోవును. పెద్ద మోటారు బయలుదేరినప్పుడు, వెల్డింగు జరుగునప్పుడు, ఎర్తింగు తీగలలో కొంత ప్రవాహము పారును. ప్రవాహము పారినచోట నిరోధమునుబట్టి వోల్టేజి పుట్టును. అనగా ఈ చివర సున్న యనుకొన్న నేల ఆ చివర సున్న కాకపోవును. పంపినవాడు తన నేలనుండి కొలచి పంపును, అందుకొన్నవాడు తన నేలనుండి కొలచి చదువును. కొలబద్దయొక్క మొదలే కదలిపోయినప్పుడు చదివిన కొలతకు విలువ యేమి?

ఈ చిక్కునకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయము, నేలను నమ్ముట మానివేయుట. 1970ల దశకము నడుమ వచ్చిన ఆర్.ఎస్.-422లోను, దాని తరువాతి 485లోను, ఒక్క సంకేతమునకే రెండు తీగల నుపయోగింతురు. ఒక తీగపై వోల్టేజి పెరిగినప్పుడు రెండవ తీగపై తగ్గును. అది తగ్గినప్పుడు ఇది పెరుగును. అందుకొను చిప్పు నేలతో పోల్చి ఏ తీగ యెంత యెత్తున నున్నదని అడుగక, రెంటిలో ఏది మీద, ఏది క్రింద అని మాత్రమే అడుగును. గోదావరికి వరద వచ్చినప్పుడు రేవున ప్రక్కప్రక్కల కట్టిన రెండు పడవలు ఒక్కమాఱే పైకి లేచును. గట్టుపై నిలిచినవానికి రెండును పది అడుగులు లేచినట్లు కనబడినను, ఒక పడవలో కూర్చుండి రెండవ దానిని చూచువానికి వాని యెత్తుల నడుమ నున్న అంతరమున మార్పేమియు తోచదు. వెలుపలినుండి వచ్చు విద్యుదుపద్రవము ఆ వరద వంటిది. సందేశము ఆ అంతరమందుండును.

ఉపద్రవము రెండు తీగలకును సమానముగా తగిలిననే గదా ఈ యుపాయము ఫలించుట! అందులకై తీగలను ఒకదానితో నొకటి మెలిపెట్టుదురు. మెలికకు మెలిక తీగల స్థానములు తారుమారగుటచేత, ప్రక్కనుండు విద్యుత్తు కేబులుయొక్క అయస్కాంత క్షేత్రము ఒక మెలికలో పుట్టించిన వోల్టేజిని తరువాతి మెలిక రద్దుచేయును. ఇది చిప్పులకంటె ఎంతో పాతదైన విద్య. టెలిఫోను కొఱకు అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే మెలితీగపై పేటెంటును పొందెను. నేలను తిరుగుదారిగా వాడిన ఆనాటి టెలిఫోను తీగలు, వీథులలో ట్రాములును విద్యుద్దీపములును వచ్చిన పిమ్మట ఘోషతో నిండిపోయి, రెండు తీగల పద్ధతికి మారవలసివచ్చెను. టెలిఫోను వారి యనుభవమే నూరేండ్లకు కర్మాగారములకు దారి చూపినది.

ఇక కొలతలను విచారింతము. పంపు చిప్పు, 54 ఓముల భారమును మోయుచుండగా, రెండు తీగల నడుమ కనీసము 1.5 వోల్టుల అంతరమును నిలుపవలెను. అందుకొను చిప్పు 0.2 వోల్టుల అంతరమును కూడ తప్పక గుర్తింపవలెను. ఈ 1.5కును 0.2కును నడుమ నున్న వ్యవధియే కేబులునకు ఇచ్చిన ఖర్చుధనము. సామాన్యముగా వాడు సన్నని రాగితీగకు కిలోమీటరునకు సుమారు 85 ఓముల నిరోధముండును; 1200 మీటర్ల దూరము పోవుటకు ఒకటి, వచ్చుటకు ఒకటి యని రెండు తీగలను లెక్కించినచో 200 ఓములకు కొంచెము పైన తేలును. కొసయందు, పిమ్మట చెప్పబోవు కారణముచేత, 120 ఓముల రెసిస్టరున్నప్పుడు, పంపిన 1.5 వోల్టులలో సుమారు 0.55 వోల్టు మాత్రమే అక్కడ మిగులును. అయినను అది 0.2కు రెండింతలకంటె ఎక్కువయే. ఈ ప్రమాణమునుగుఱించి ప్రతివాడును వల్లించు 1200 మీటర్ల దూరము ఆకాశమునుండి ఊడిపడినది కాదనియు, రాగితీగ నిరోధముతో చేసిన బేరమనియు ఈ చిన్న లెక్కవలన తెలియును. వేగము హెచ్చినకొలది దూరము తగ్గును: సెకనుకు కోటి బిట్లు పంపదలచినవారు పది పన్నెండు మీటర్లతో తృప్తిపడవలెను.

చిప్పు అంతర్భాగమును గుఱించి చెప్పవలసినది కొద్దిగానే యున్నది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎస్.ఎన్.75176 అను చిప్పు ఏర్పఱచిన కాళ్ల అమరికనే తరువాతివారందఱును అనుసరించిరి. ఒక కాలు వినినదానిని కంప్యూటరున కందించుటకు, ఒకటి కంప్యూటరు చెప్పినదానిని స్వీకరించుటకు, రెండు కరెంటుకును నేలకును, రెండు ఏ, బీ యను జంటతీగలకు; మిగిలిన రెండును ఆజ్ఞ కొఱకు, అనగా ఇప్పుడు పలుకవచ్చునా, ఇప్పుడు వినవచ్చునా అని నియమించుటకు. ఈ ఆజ్ఞ లేనిదే ఒక జతతీగపై ముప్పదిరెండు యంత్రములు కాపురము చేయలేవు. పలుకని చిప్పు తన ప్రేషకభాగమును తీగలనుండి విడదీసికొనినట్లు నిర్లిప్తముగా నుండును. అప్పుడది తీగలకు 12 వేల ఓముల స్వల్పభారముగా మాత్రమే కనబడును. ఆ భారమునే ఒక ప్రమాణముగా గొని అట్టివి 32 వరకు ఉండవచ్చునని నిర్ణయించిరి. తరువాతి కాలపు చిప్పులు ఆ భారమును నాలుగవ వంతునకును, ఎనిమిదవ వంతునకును తగ్గించుటచేత 128, 256 యంత్రములను కూడ ఒకే జతకు తగిలింప వీలైనది. తొలినాటి చిప్పు ఊరక కూర్చుండియే పదులకొలది మిల్లీఆంపియర్లను భుజించుచుండగా, మాక్సిమ్ వారి మాక్స్485 వంటి సీమాస్ చిప్పులు ఒక మిల్లీఆంపియరులో మూడవ వంతునకు లోపలనే తృప్తిపడును.

ఇందఱు ఒకే తీగపై నున్నప్పుడు ఎవరి వంతు ఎప్పుడను ప్రశ్నకు 485 సమాధానము చెప్పదంటిని గదా. ఆ లోటును పూరించిన భాషలలో మిక్కిలి వ్యాప్తిని పొందినది మోడ్‌బస్. 1979లో మోడికాన్ సంస్థవారు తమ ప్రోగ్రామబుల్ కంట్రోలర్ల కొఱకు దీనిని వెలువరించిరి. అనగా 485కంటె నాలుగేండ్లు పెద్దది. దాని నీతి సరళము. యజమాని యొక్కడే ప్రశ్నించును. పేరుపెట్టి పిలువబడిన యంత్రము మాత్రమే బదులు చెప్పును. తక్కినవి మౌనము వహించును. యంత్రముల సంఖ్యలు 1 నుండి 247 వరకు. సందేశమునకును సందేశమునకును నడుమ కనీసము మూడున్నర అక్షరములకు పట్టునంత నిశ్శబ్దముండవలెను. ఆ నిశ్శబ్దమే విరామచిహ్నము. ప్రతి సందేశము చివరను 16 బిట్ల తనిఖీసంఖ్య యొకటి యుండును. అది సరిపడనిచో విన్నవాడు విననట్లే యూరకుండును. నియమము తప్పి ఇద్దఱొక్కమాఱు పలికినచో చిప్పులు పరస్పరము ఎదురునెట్టుకొనును. ఆ పోరాటమున కాలిపోకుండ ప్రవాహమును 250 మిల్లీఆంపియర్లకు లోబఱచవలెనని ప్రమాణము విధించినది. మితిమీఱి వేడెక్కినచో తమంతట తామే ప్రేషకమును నిలిపివేయునట్టి యేర్పాటును పెక్కు చిప్పులలో గలదు.

తీగ యనగా కేవలము విద్యుత్తు పాఱు గొట్టమని తలచువారికి ఇంతవరకు అంతయు సుబోధమే. కాని సంకేతము మారిన క్షణమున తీగ వెంట ప్రయాణించునది ఒక తరంగము. దాని వేగము కాంతివేగమున సుమారు మూడింట రెండు వంతులు, అనగా నానోసెకనుకు 20 సెంటీమీటర్లు. 1200 మీటర్ల చివరకు చేరుటకు దానికి 6 మైక్రోసెకనులు పట్టును. తీగ చివర ఏమియు లేక తెగిపోయినట్లున్నచో, ఆ తరంగము పోవుటకు దారి లేక వెనుకకు మరలును. మరలుచు, వచ్చుచున్న కొత్త సంకేతములపై పడి వానిని చెఱచును. తంతివార్తలు పంపు ఉద్యోగిగా జీవితము నారంభించి, పాఠశాలలు దాటి పై చదువులు చదువకయే తీగలలో విద్యుత్తరంగముల గణితమును నిర్మించిన ఆలివర్ హెవిసైడ్ అను ఆంగ్లేయుని సమీకరణములు ఈ విషయమును 1880ల నాటికే వివరించినవి. తీగకు సహజముగా నుండు తరంగనిరోధమునకు సమమైన రెసిస్టరును చివర నుంచినచో, తరంగము తనకు ఇంకను తీగ యున్నదని భ్రమించి అందులో లీనమగును. మెలితీగకు ఆ విలువ సుమారు 120 ఓములు. రెండు కొసలయందును ఒక్కొక్కటి. నడుమ నుండువాని కెవ్వరికిని వలదు. పని చేయలేదని ప్రతి మీటరు వద్దను ఒక రెసిస్టరును తగిలించి, చిప్పులు మోయలేని భారమును తెచ్చిపెట్టు మేస్త్రీలు నేటికిని తారసపడుచుందురు.

ఇచట ఒక విశేషమును నొక్కి చెప్పవలెను. ఏలయన చిప్పును ఎన్నుకొనువారు తరచుగా పొరపడునది ఇక్కడనే. వేగమైన చిప్పు మేలైన చిప్పని లోకము తలచును. అయితే 9600 బిట్ల వేగముతో మీటరును చదువునప్పుడు ఒక్కొక్క బిట్టు 104 మైక్రోసెకనులు నిలుచును. అట్టి నెమ్మది పనికి, 20 నానోసెకనులలో సంకేతపు అంచును, అనగా ఒక స్థాయినుండి మఱియొక స్థాయికి జరుగు మార్పును, ఎగదోయు చురుకైన చిప్పును తెచ్చినచో లాభమేమి? ఆ అంచు తీగపై నాలుగు మీటర్ల మేర మాత్రమే వ్యాపించును. కొమ్మతీగలో తరంగము పోవు కాలము అంచు కాలమున పదవవంతునకు మించరాదను వాడుక సూత్రముబట్టి, ఆ చిప్పున్నచోట ముఖ్యతీగనుండి చీలిన కొమ్మ 40 సెంటీమీటర్లు దాటరాదు. దానికి బదులు, అంచును బుద్ధిపూర్వకముగా మందగింపజేసి 800 నానోసెకనులకు సాగదీసిన చిప్పును వాడినచో, అదే సూత్రము 16 మీటర్ల కొమ్మనైనను మన్నించును. ప్రక్కనున్న రేడియోలకును ఘోష తగ్గును. పనికి మించిన వేగము గల చిప్పును కొనుట, డబ్బిచ్చి కష్టమును తెచ్చుకొనుట యని నా మతము.

పలుకులకంటె మౌనమే ఈ తీగలపై కష్టమైన స్థితి. ఎవ్వరును పలుకనప్పుడు, అన్ని ప్రేషకములును తీగలను విడిచినప్పుడు, కొసలనున్న రెసిస్టర్లు రెండు తీగలను ఒకే స్థాయికి చేర్చును, అంతరము సున్నయగును. 0.2 వోల్టు పైన నున్నచో ఒకటి, దానికి వ్యతిరేకముగా 0.2 దాటినచో సున్న. మఱి నడుమ నున్నప్పుడు? ప్రమాణమున నడిమి ప్రదేశమునకు నిర్ణయము లేదు. చిప్పు ఏదో యొకటి చెప్పును, గాలి తాకిడికి మఱియొకటి చెప్పును. అది సున్న యని పొరపాటున పలికినచో కంప్యూటరు దానిని అక్షరారంభ చిహ్నముగా గ్రహించి, ఎవ్వరును పంపని అక్షరములను వినసాగును. దీనికి పాతమందు, ఒక తీగను రెసిస్టరుతో 5 వోల్టుల వైపునకును, రెండవదానిని నేలవైపునకును కొంచెము లాగిపట్టి, మౌనమున గూడ 0.2 వోల్టుకు తగ్గని అంతరమును నిలుపుట. ఇది నెట్‌వర్కు మొత్తమునకు ఒక్కచోట చేసిన చాలును. కొత్తచిప్పులు తీర్పురేఖనే సున్నకు కొంచెము దిగువకు జరిపి, అంతరము సున్నయైనను నిస్సంశయముగా ఒకటియే యని చెప్పునట్లు తీర్చబడినవి.

నేలను నమ్మక నడచునది కనుక ఈ పద్ధతికి నేలతోడి సంబంధమే అక్కఱలేదని పలువురు నమ్ముదురు. రెండే తీగలను లాగి ఊరకుందురు. ఇంతకంటె హానికరమైన అపోహ ఈ రంగమున మఱియొకటి లేదు. వరదలో పడవల అంతరము మాఱదన్నమాట నిజమే. కాని వరద గట్టు దాటినచో పడవలకే కాదు, ఊరికే ముప్పు. చిప్పు తన నేలతో పోల్చి 7 వోల్టుల దిగువనుండి 12 వోల్టుల ఎగువ వరకు మాత్రమే తీగలను సహింపగలదు. ఈ విచిత్రమైన హద్దునకు కారణము సులభము: 0 నుండి 5 వోల్టుల లోపల పనిచేయు చిప్పునకు ఇరువైపుల 7 వోల్టుల నేలమార్పును ఒప్పుకొన్నచో క్రింద -7, పైన +12 వచ్చును. రెండు భవనముల ఎర్తుల నడుమ అంతకు మించిన తేడా పుట్టుట అరుదేమియు గాదు. అందుచేత మూడవ తీగ నొకదానిని కూడ లాగి, యంత్రముల నేలలను చిన్న రెసిస్టరు ద్వారా కలుపుదురు. లేదా చిప్పు నడుమ నొక అడ్డుగోడను గట్టి, కాంతి చేతనో, సూక్ష్మమైన తీగచుట్టల అయస్కాంత క్షేత్రము చేతనో, కెపాసిటరు చేతనో సమాచారమును మాత్రము దాటించి, కరెంటును దాటనీయరు. అట్టి ఏకాంత ట్రాన్సీవర్లు ఆ గోడకు అడ్డముగా వేయి వోల్టులకు పైబడిన పీడనమును సహించును. వైశాఖజ్యేష్ఠములలో ఉరుములు మెఱుపులతో వానలు పడు మన ప్రాంతములలో, ఆరుబయట కేబులు పోవు చోటులందు ఈ ఖర్చునకు వెనుదీయుట తగదు; దానితోపాటు తీగలకును నేలకును నడుమ పిడుగు తాకిడిని నేలలోనికి మళ్లించు రక్షక డయోడులను కూడ ఉంచవలెను.

ప్రమాణము చెప్పినవానిలో ఒకటి మాత్రము చెప్పక విడిచినవానికంటె ఎక్కువ నష్టము చేసినది. ఏ యనునది ఏ తీగ, బీ యనునది ఏ తీగ? ప్రమాణము చెప్పినట్లు చూచినచో, ఒకటి యను స్థితిలో ఏ తీగ బీ కంటె తక్కువ వోల్టేజిలో నుండవలెను. చిప్పులు చేసినవారిలో పలువురు దీనికి విరుద్ధముగా పేర్లు పెట్టిరి. పరికరముల తయారీదారులలో కొందఱు చిప్పులవారిని, కొందఱు ప్రమాణమును అనుసరించిరి. మఱికొందఱు విసిగి, ధన, ఋణ చిహ్నములను మాత్రము వ్రాసి విడిచిరి. మీటరు పలుకనప్పుడు అనుభవశాలి యైన ఎలక్ట్రీషియను మొదట చేయు పని తీగలు రెంటిని తారుమారు చేయుట. అది అజ్ఞానము కాదు, అనుభవజ్ఞానమే. అట్లు మార్చుటచేత చిప్పునకు హానియు లేదు.

ఈ విద్యుత్‌పునాదిపై లేచిన భవనములు మోడ్‌బస్‌తో ముగియలేదు. జర్మనీలో 1980ల చివర పుట్టిన ప్రొఫిబస్ ఇదే తీగను సెకనుకు 1.2 కోట్ల బిట్ల వేగము వరకు నడిపినది. 1986లో అమెరికా రంగస్థల సాంకేతికులు రూపొందించిన డీఎంఎక్స్512 ఇదే చిప్పుతో దీపములను శాసించును. పెండ్లిపందిళ్లలోను, సంగీతసభలలోను రంగులు మార్చుచు తిరుగు దీపముల వెనుక ఉన్నది తఱచుగా ఈ ఎనిమిది కాళ్ల ప్రాణియే. అదే 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ మోటారుకార్ల కొఱకు ప్రకటించిన కాన్ మాత్రము దాయాది వంటిది. దానిలోను జంటతీగలే, అంతరమే. కాని ఇద్దఱొక్కమాఱు పలికినప్పుడు పోరాటము లేక, ప్రాముఖ్యము తక్కువైనవాడు తనంతట తానే తగ్గునట్లు అందు ప్రేషకమును తీర్చిరి.

ఇటీవల ఈ రంగమున నొక పోటీదారు బయలుదేరెను. 2019లో ఆమోదింపబడిన ఒంటిజత ఈథర్‌నెట్ ప్రమాణమున రెండు శాఖలు గలవు. ఒకటి ఒకే జత తీగలపై సెకనుకు కోటి బిట్లను 1000 మీటర్ల దూరము మోయును. కాని అది ఇద్దఱి నడుమ మాత్రమే పనిచేయును. రెండవది పలువురిని ఒకే తీగపై కూర్చుండబెట్టును. కాని దానికి మూలప్రమాణమున చెప్పిన దూరము 25 మీటర్లు మాత్రమే. దూరమును, బహుజన సహవాసమును రెంటిని ఒకే తీగపై ఇచ్చుట ఇంకను పాత 485కే చెల్లుచున్నది. అపార సమాచారమును పంపవలసిన కెమెరాలకును, రోబోలకును కొత్తదే తగును. పావుగంట కొకమాఱు నాలుగు అంకెలను చదువవలసిన మీటర్లు ముప్పది ఒకే వరుసలో నున్నచోట, వేసియున్న తీగను పెఱికి, ప్రతి మీటరునకును వేఱొక తీగను, ఒక స్విచ్చును కొనుమని చెప్పువానికి ఆ కర్మాగారపు లెక్కల గుమాస్తా అనుమతి నిచ్చుట కష్టమే.